ఒడెలియా బూట్లకు కంచు పూత

మే 6
మిస్ ఒడెలియాకి జీవన సాఫల్య పురస్కారం. ఆవిడకి ఎనభై ఒకటి వచ్చాక గుర్తొచ్చింది మా ఫౌండేషన్‌కి. నేనక్కడ ప్రోగ్రామ్ అసిస్టెంట్‌ని. మంగళవారాలు హార్లెంలో ఆవిడ దగ్గర ట్యాప్ డాన్స్, అంటే బూట్ల అడుగు రేకులతో తాళం కొట్టే నాట్యం, నేర్చుకుంటాను, అందుకే కబురు నన్నే చెప్పమన్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే, స్టేజీ చెక్కదేనా అని. అవునన్నాను. అయితే ఆడతానంది. జూన్‌లో మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత ఆడకూడదన్నారట డాక్టర్లు.

మే 9
డైరెక్టర్ విట్కోంబ్ ఆవిడ బూట్లు తెమ్మన్నాడు. ప్రదర్శనకి పెడతారనుకున్నాను. అడగలేదు.

ఆవిడ ముందు కుదరదంది. ముప్పై ఏళ్ల జత. అడుగున రేకుల మరలు ఒక్కోటీ ఒక్కో బిగువు. స్క్రూడ్రైవర్‌తో తనే శ్రుతి చేసుకుంటుంది. చివరికి బ్రెడ్ సంచిలో పెట్టి ఇచ్చింది. "వాటికేమన్నా అయితే నీ తోలు వలుస్తా, పిల్లా."

మే 17
బూట్లేవని రెండుసార్లు ఫోన్ చేసింది. విట్కోంబ్‌ని అడిగితే సర్‌ప్రైజ్ అని కన్ను గీటాడు. రోత.

మే 23, మధ్యాహ్నం 3
బూట్లకి కంచు పూయించాడు. అదే ట్రోఫీ. లేసులతో సహా లోహం. నల్లరాతి దిమ్మకి బిగించేశారు. ఇక ఎప్పటికీ అరగవు, చూశావా అన్నాడు. 

మే 23, రాత్రి 8
ఆవిడకి ఫోన్ చేయాలి. చేయలేదు.

మే 25
పురస్కారాల విందు. ట్రోఫీ మీది తెర తీశారు. మూడు వందల మంది లేచి చప్పట్లు. ఎడమ బూటు ముక్కు మీది సొట్ట చూసి ఆవిడ గుర్తుపట్టింది. విట్కోంబ్‌ని చూడలేదు. నన్ను చూసింది.

తర్వాత మైకు తీసుకుంది. "పసిపిల్లల బూట్లకి పూయిస్తారు ఇలా, కాలు పెరిగి పట్టకుండా పోయాక. నా కాలు అంతే ఉంది నాయనా."

జోకనుకుని అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. విట్కోంబ్ మరీను. కొత్త జత ఒకటి తెప్పించి ఉంచాడు. ఆవిడ దాని వంకైనా చూడలేదు, ఆడలేదు. సాల్మన్ చేప వడ్డించారు. నేనూ తిన్నాను.

మే 26
రాజీనామా రాశాను. డ్రాఫ్ట్‌లోనే ఉంది. విట్కోంబ్ కంటే నాకు నేనే ఎక్కువ కంపు కొడుతున్నాను.

మే 28
క్లాసులో ఆవిడ నా బూట్ల సైజడిగింది. ఏడున్నర. "నాది ఏడు. విప్పు."

ముందువైపు పేపరు కుక్కుకుంది. చాలాసేపు మరలు వదులు చేసింది. మా ఆరుగురినీ గోడవైపు తిరిగి నిలబడమంది.

ఆవిడ ఆఖరి నాట్యం నేను చూసింది ఇంతే: గోడ మీద పచ్చరంగు పెచ్చులు, ఒక మేకు, వెనక ఆవిడ అడుగుల చప్పుడుకి ఆ మేకు వణకడం.