దసరా బస్సును ప్రొద్దుటూరికి తిప్పిన సంగతి

మైసూరు,
దీపావళి వెళ్ళిన వారం.

అన్నకు, నీ తమ్ముడు వెంకటేశు దండం పెట్టి రాసేది. నేను వేళకు తింటూ, కంటినిండా నిద్రపోతూ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, అమ్మ ఎలా ఉన్నారు? అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదినకు ఒంట్లో నలతగా ఉందన్నావు, పులివెందుల డాక్టరుకు చూపించావా లేదా? ఎనుము ఈనిందా? అన్నిటికీ జవాబు రాయి. పోయినసారిలా కార్డంతా కోపంతో నింపొద్దు.

నీ కార్డు అందింది. అంతంత అక్షరాలతో తిడితే పోస్టుమానే కాదు, మా వీధిలో అందరూ చదివి ఉంటారు. నన్ను ప్రొద్దుటూరు దసరాలో చూశామని మీ వర్గం వాళ్ళెవరో చెప్పారట. జిల్లాలో అడుగు పెట్టొద్దని చెప్పలేదా అని అడిగావు. చెప్పావు. నాయన చనిపోయిన ఏడు నన్ను లారీ ఎక్కిస్తూ చెప్పావు. ఇన్నేళ్ళూ నీ మాట దాటలేదు. ఈ దసరాకు దాటాను. మళ్ళీ దాటుతాను. ఎవరో చెప్పింది కాదు, జరిగింది నా నోటి నుంచి విను.

ఇక్కడ దసరా అంటే మా ట్రావెల్సు డ్రైవర్లకు ఒళ్ళు హూనం. రైలు దిగిన వాళ్ళను లాడ్జికి, లాడ్జి నుంచి కొండకు, కొండ నుంచి ప్యాలెసుకు తిప్పడమే పని. ఈ ఏడు రోజూ సన్న జల్లు, మధ్యాహ్నానికే చలి. సాంబారులో బెల్లం వేస్తారని ఎన్నిసార్లు రాశాను? ఇంకా వేస్తూనే ఉన్నారు. ఎవరైనా ఇటు వస్తుంటే చెనిక్కాయల పొడి, కాసిని ఊరమిరపకాయలు పంపించు. ఊరు నిండా జనం ఉంటారు, పలకరించే వాళ్ళు ఉండరు. పండగ పూట వేరేవాళ్ళ పిల్లలను బస్సు ఎక్కిస్తూ దించుతూ ఉంటే దిగులు పుడుతుంది. అది నీకు ఎన్నడూ రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

నా బస్సులో ఈసారి ఏలూరు వాళ్ళు ఎక్కారు. ఎక్కువ మంది రిటైరైన టీచర్లు. వాళ్ళకు పెద్ద వరలక్ష్మమ్మ అనే ఆమె. మనిషి సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం బడి గంటే. పాపం, పండగ చూద్దామని అంత దూరం వచ్చి చూసింది ముందువాళ్ళ వీపులు. ఎక్కడ నిలబడినా కట్టెలు కట్టి పోలీసులు వెనక్కి తోశారు. ఊరేగింపు రోజు కూర్చోవాలంటే పాసు కావాలి, ఆ పాసులు ఎప్పుడో అయిపోయాయి. లాడ్జి వాడు దశమికి రూములు ఖాళీ చెయ్యమన్నాడు. అందరూ మొహాలు వేలాడేసుకుని బస్సులో కూర్చుంటే నేను ఉండబట్టలేక చెప్పాను. మా ప్రొద్దుటూరు దసరా చూడండమ్మా, అక్కడ అమ్మవారే మీ ముందుకు వస్తుంది, చూశాక కడపలో రైలెక్కిస్తాను అని.

వెనక సీట్లో ఒకాయన, బాంబులు చుట్టే ఇళ్ళు కూడా చూపిస్తావా అని అడిగాడు. అందరూ నవ్వారు. అన్నా, నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద మాత్రమే కాదు, నీ మీద, నీ నాయకుడి మీద, అవతలి నాయకుడి మీద. మన ఊర్ల పేరు చెబితే మనుషులకు గుర్తుకొచ్చేది అదొక్కటే అయ్యేలా చేసింది మీరే. మా ఓనరు సంగతి చెప్పనక్కర్లేదు. అద్దాలు పగిలితే ఎవరిది బాధ్యత అని ఎగిరాడు. నాది అన్నాను. వరలక్ష్మమ్మ మాత్రం, పేపర్లో చదవడమే గాని ఎప్పుడూ చూడలేదు, పోదాం పద బాబూ అంది.

ఆ రాత్రే బయలుదేరి కదిరి మీదుగా వచ్చాం. పులివెందుల దాటాక సింహాద్రిపురం దారి చీలే చోట స్టీరింగు నా చేతుల్లో బరువెక్కింది. కాస్త తిప్పితే మన ఊరు. తెల్లారే వేళ కదా, అమ్మ పేడ ఎత్తుతూ ఉంటుంది. నాయన ఏ గొడవకూ పోని మనిషి. దసరా చూసి వస్తూ, నాయకుడి జీపులో చోటుందని ఎక్కాడు, అదే ఆయన చేసిన తప్పు; దారిలో ఆ జీపు మీద బాంబులు పడ్డాయి. ఆ రోజు నుంచి అమ్మ ప్రొద్దుటూరు మొహం చూడలేదు, నేను అమ్మ మొహం చూడలేదు. ఈసారికి తిప్పకుండా నేరుగా పోయాను. ఆ బాధ నాకే తెలుసు.

ప్రొద్దుటూరిలో ఏమీ మారలేదు. ఒక గుడి వాళ్ళు ఒక మేళం తెస్తే ఇంకో గుడి వాళ్ళు రెండు తెస్తారు. వీళ్ళు వీధికి దీపాలు కడితే వాళ్ళు మేడకు కడతారు. పోటీ పడితే ఇలా పడాలి. ఏలూరు వాళ్ళను చూసి ఒక బట్టల అంగడి శెట్టిగారు తన అరుగు మీదున్న వాళ్ళను లేపి వీళ్ళను కూర్చోబెట్టాడు. వాళ్ళావిడ మజ్జిగ పోసింది, ఇంట్లో ఆడవాళ్ళకు కాళ్ళు కడుక్కునే చోటు చూపించింది. బాంబుల ఇళ్ళు అడిగిన పెద్దమనిషి శెట్టిగారి మనవరాలిని భుజానెక్కించుకుని తొట్టిమేళం చూస్తూ కూర్చున్నాడు.

ఇక అసలు సంగతి. దీపాలు పెట్టే వేళకు అమ్మవారు వస్తోందని జనం లేచారు. వరలక్ష్మమ్మకు కనబడాలని నేను ఆమెను అరుగు అంచుకు నడిపిస్తున్నాను. అప్పుడే టపాసుల ఔట్లు పేల్చారు. అవి పండగ ఔట్లని ఊరంతటికీ తెలుసు. ఏలూరు వాళ్ళు కూడా పసిపిల్లల్లా తలలెత్తి చూస్తున్నారు. నేను మాత్రం ఆమె చెయ్యి వదిలేసి అరుగు మెట్ల వెనక నేలకు కరుచుకున్నాను. తల ఎత్తి చూస్తే, అవే మెట్ల వెనక, నా మూరెడు దూరంలో, ఇంకొక మనిషి నాలాగే నేలకు కరుచుకుని ఉన్నాడు. గంగన్న మామ. అవును, అవతలి నాయకుడి వర్గం గంగన్నే. నాయన జీపు మీద పడిన వాళ్ళలో ఉన్నాడని నువ్వు చెప్పే గంగన్న.

అంత జనంలో భయపడి పడుకున్నది మేమిద్దరమే. ఆయన నన్ను గుర్తుపట్టాడు, నేనూ పట్టాను. ఆయన చెయ్యి నడుము దగ్గరికి పోయింది. వరలక్ష్మమ్మ పైనుంచి వంగి, మీ ఇద్దరికీ ఏమైంది బాబూ, పడిపోయారా అని అడిగింది. గంగన్న మామ ఆమెను చూశాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం ల్యాదమ్మా. మా ఊర్లోళ్ళకు అలవాటైపోయింది," అన్నాడు.

ఆ మాట అంటూ తలొంచుకున్నాడు. పంచెకంటిన దుమ్ము దులుపుకుని, వీళ్ళెవరని అడిగాడు. పండగ చూసేదానికి ఏలూరు నుంచి వచ్చినారని చెప్పాను. పండగ చూసేకి మన తావుకు గూడా వస్తాండారా అని తనలో తనే అనుకున్నాడు. తర్వాత జనంలోకి దిగి, చేతులు చాపి దారి చేసి, ఆమెను అమ్మవారి ఎదురుగా నిలబెట్టాడు. హారతి కళ్ళకద్దుకునేదాకా పక్కనే ఉన్నాడు. పోయేటప్పుడు నా దగ్గర ఆగాడు.

"పండగ సూసుకోని పో. ఊర్లోకి మాత్రం రావాకు. మావోళ్ళందరూ నా మాదిరి ఉండరు."

"వస్తా మామా. మాయమ్మ ఆడుంది," అన్నాను. ఆయన జనంలో కలిసిపోయాడు.

నేను ఆయన్ను క్షమించలేదు. రాజీ అయ్యారని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. కానీ ఆ మెట్ల వెనక ఆయన మొహంలో నేను చూసింది నా మొహమే. మీ నాయకులిద్దరూ ఆ వేళకు ఎక్కడున్నారో నాకు తెలియదు, మెట్ల వెనక మాత్రం లేరు.

మరుసటి రోజు జమ్మలమడుగు మీదుగా గండికోటకు తీసుకుపోయాను. లోయ అంచున నిలబడి, ఇంత చోటు ఇన్నాళ్ళూ మాకెవరూ చెప్పలేదేమని అడిగారు. అక్కడే వరలక్ష్మమ్మ నన్ను పక్కకు పిలిచి, మెట్ల వెనక ఏం జరిగిందో నిజం చెప్పమంది. నాయన సంగతి, అమ్మ సంగతి, నీ సంగతి అంతా చెప్పాను. విన్నాక ఆమె, వచ్చే ఏడు కూడా ఇక్కడికే వస్తాం, ముందు మీ ఊరికి పోయి మీ అమ్మగారిని ఎక్కించుకుని అప్పుడు పండక్కి పోదాం అంది. అక్కడ ప్రమాదమమ్మా అన్నాను. ఔట్లకు నేను పడుకోలేదు కదా అంది.

మొన్న ఆమె దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళ వీధిలో దసరా అంటే ఇప్పుడు మన దసరానేనట. బాంబుల ఇళ్ళు అడిగిన ఆయన అందరికంటే ముందు పేరు ఇచ్చాడట. మా ఓనరు కూడా గోడ మీద బోర్డులో మైసూరు, ఊటీల కింద ప్రొద్దుటూరు అని రాయించాడు. పెయింటరు ఒత్తు మరిచిపోతే నేనే బ్రష్షు తీసుకుని పెట్టాను.

అందుకని అన్నా, అమ్మను ప్రొద్దుటూరికి పంపమని నేను నిన్ను అడగడం లేదు. వచ్చే దసరాకు నేనే ఊర్లోకి వస్తాను. పట్టపగలు, హారను కొట్టుకుంటూ, బస్సు నిండా చుట్టాలతో మన వీధిలోకి వస్తాను. నాయన చివరిగా చూసిన పండగను అమ్మకు మళ్ళీ చూపిస్తాను. నువ్వు నాయకుడి జీపులో కాకుండా నా బస్సులో వస్తే నీకూ సీటు ఉంటుంది. వేటకొడవలి పట్టుకుని ఎక్కనివ్వను, ముందే చెబుతున్నాను.

వదినకు, మేనత్తకు, రచ్చబండ దగ్గర నన్ను అడిగే పెద్దలందరికీ నా నమస్కారాలు. ఒంటరిగా పొలానికి పోవద్దు, చీకటి పడకముందే ఇల్లు చేరు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు, నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను. పెద్దవాడివి, తిట్టినా సరే, నీ దీవెన మాత్రం తప్పకుండా పంపు. ఈ ఉత్తరం అమ్మకు గట్టిగా చదివి వినిపించు. నువ్వు మింగేసిన ముక్కలు వదిన మళ్ళీ చదువుతుంది, ఆమెకు చదువొచ్చు.

బస్సు వచ్చిన రోజు వాళ్ళ వర్గం వాళ్ళు అడ్డం నిలబడితే వరలక్ష్మమ్మ దిగి మాట్లాడుతుంది. నువ్వు అడ్డం నిలబడితే అమ్మ మాట్లాడుతుంది.

ఇట్లు, నీ మాట దాటిన నీ తమ్ముడు,
వెంకటేశు