కొసరు వేసిన సీసా

బరంపురం,
గురువారం.

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నీ ఒంట్లో ఎలా ఉందో దాచకుండా రాయించు. నాన్న ఆదివారం మన పొడంపేట నుంచి వచ్చి ఎండుచేపలు ఇచ్చి వెళ్ళాడు. మోకాలి నొప్పి అలాగే ఉంది, మందు మాత్రం వాడడు. నీ మాటే వినని మనిషి నా మాట వింటాడా?

మీ షెడ్డు కన్నమ్మక్క చేత నువ్వు రాయించిన ఉత్తరం అందింది. కాకినాడ రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళకి వేళ్ళు పుండ్లు పడుతున్నాయన్నావు. పని నుంచి రాగానే కొబ్బరినూనె రాసుకో. "రొయ్యకి కాళ్ళెన్నో సెప్పడానికి అయిదేళ్ళ సదువేటే?" అని అడిగావు. నవ్వొచ్చింది గానీ నవ్వడానికీ ఓపిక లేకపోయింది.

ఎన్నో కాదమ్మా, ఏ కాలు ఎక్కడ మొలవాలో లోపల ఎవరు చెబుతారన్నది నా చదువు. నువ్వు వలిచే రొయ్యకి ముందు నడిచే కాళ్ళు, పొట్టకింద ఈదే కాళ్ళు. ఈగకి పొట్టకింద అసలు కాళ్ళే లేవు. రెండూ ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట ఒకే జీవి నుంచి వచ్చినవి, ఈ సంగతి చూసే జన్యువు రెంటిలోనూ ఒకటే. ఈగలో అది పొట్టకింద కాలు వద్దంటుంది. రొయ్య జాతిలో కాలుని ఉండనిచ్చి, ఎలాంటి కాలో నిర్ణయిస్తుంది. ఆ తేడా ఎలా వచ్చిందో చూడ్డానికే, మన ఊరి సముద్రం ఒడ్డున నాచు కింద గెంతే రొయ్య జాతి పురుగుల్ని ఏరి పంపమన్నాను. వాటి గుడ్లలోని పిల్లలకి రంగు పట్టిస్తే ఆ జన్యువు పనిచేసే చోటు నీలంగా కనబడుతుంది.

"ఆ పురుగులు పనికొచ్చినాయా?" అనీ అడిగించావు. దానికి జవాబు రాయడానికే పది రోజులు పట్టింది.

నువ్వు కాకినాడ వెళ్ళేలోపు పంపిన సీసాలతోనే రెండేళ్ళు పనిచేశాను. సగం పిల్లల్లో నీలం, ఒంటి మీది గదుల్లాంటి కణుపుల్లో ఒకటి ముందే మొదలయ్యేది. ఒకే జాతిలో రెండు తీర్లు ఉన్నాయనుకుని మా గైడు సారూ నేనూ పొంగిపోయాం. పోయిన నెల పరీక్ష చేయిస్తే అవి రెండు జాతులని తేలింది. అప్పుడే నీకు ఫోన్ చేసి అడిగాను. నువ్వు తేలిగ్గా అనేశావు.

"అడిగినంతే ఇయ్యడానికి సెయ్యి రాదు కదేటి. రంభ ఊరికి పీతలకెల్లినప్పుడల్లా సిలిక గట్టుకాడ నాలుగేరి కొసరేసినాను."

పది కవళ్ళ చేపలు కొంటే పదకొండోది పడేసే చెయ్యి నీది, అది నాకు తెలియదా? సీసాల్లో చిలికా సరస్సువీ కలిశాయని తెలియక, ఎక్కడివని ఒక్కసారీ అడగకుండా ప్రతి సీసా మీదా "పొడంపేట" అని రాసుకున్నాను. తప్పు నాది. మళ్ళీ మొదటి నుంచి, ఇంకో రెండేళ్ళు. అలసిపోయానమ్మా.

ఇంతవరకూ రాయడం తేలికే. అసలు మాట ఇంకా రాయలేదు. సీసాలు నింపిందెవరని సారు అడిగారు. చుట్టూ జూనియర్లు ఉన్నారు. "ఎవరో చేపలమ్మే ఆవిడ సార్, పేరు తెలీదు" అన్నాను. రిజిస్టర్‌లో అలాగే రాయమన్నారు. నా చేత్తోనే రాశాను, పేరు తెలీదని. నీ గంప మీద చదువుకున్నదాన్ని, నీ పేరు తెలీదని రాశాను.

ఆ రోజు నుంచీ అన్నం సయించలేదు. ఇవాళ పొద్దున్న సారు గదికి వెళ్ళి, ఆవిడ మా అమ్మ అని చెప్పాను. ఆయన రిజిస్టర్ నా ముందుకి తోసి, సరిగ్గా రాయమన్నారు. కొట్టేసి నీ పేరు రాశాను. కొట్టేసిన మాటలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

ఇది కన్నమ్మక్క నలుగురిలో చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే ఒప్పుకోవాలి.

తిట్టమ్మా, ఎంత తిడతావో తిట్టు. "పోన్లే" అని మాత్రం రాయించకు. అది నేను మొయ్యలేను.

ఇట్లు,
చేపల ముత్యాలమ్మ కూతురు,
సస్మిత