గిలిగిచ్చ పొదలో ఎర్రజెండా

అక్టోబర్ 5, ఆదివారం
దొరికింది! నిమ్‌పురాలో మా రైల్వే క్వార్టర్స్ వెనక, గోడ పక్కన గిలిగిచ్చ పొదలో. తెల్లటి రెక్కల నిండా ఎర్రచుక్కలు, నల్లచుక్కలు. యుటెథీసా! రాత్రిళ్లు ఎగిరే మాత్ జాతి రెక్కలపురుగు అయ్యుండి పట్టపగలు తీరిగ్గా తిరుగుతోంది. నా కేకకి అమ్మ పరుగెత్తుకొచ్చి, ఏటే ఇందూ ఆ గోల, పాము గానీ కనిపించిందేటి అని తిట్టింది.

అక్టోబర్ 6, మధ్యాహ్నం 3
మాత్ సాలెగూట్లో పడింది. అయిపోయింది దాని పని అనుకున్నాను. సాలీడు వచ్చింది, ముట్టుకుంది, చుట్టూ దారాలు తనే తెంపి కింద పడేసింది! మాత్ ఎంచక్కా ఎగిరిపోయింది. చదవడం వేరు, కళ్లారా చూడటం వేరు. పురుగుగా ఉన్నప్పుడు గిలిగిచ్చ కాయలు తొలిచి గింజలు తింటుంది. వాటి విషం ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాక ఆ విషమే కాపలా.
నాన్నకి చెప్పాను. పట్టాల పని చేసే ట్రాక్ గ్యాంగ్‌కి మేట్, అంటే పెద్ద కదా, ఎర్ర సిగ్నల్ సూసి డ్రైవరే ఆగుతాడు, సాలీడెంత అన్నాడు.

అక్టోబర్ 8
కాయల్లో పదకొండు పురుగులు!!

అక్టోబర్ 9
కొంప మునిగింది. రేపు క్వార్టర్స్ వెనక పొదలన్నీ కొట్టేస్తారట. కొట్టేది నాన్న గ్యాంగే. ఆ ఒక్కటీ వదిలెయ్యమని బతిమాలాను. ఆర్డరంటే ఆర్డరే, నీ పురుగుల కోసం నాను సార్జిషీటు తీసుకోవాలేటి అన్నాడు. నేను అన్నం తినలేదు.

అక్టోబర్ 10
తప్పే. తెలుసు. పొద్దున్నే నాన్న పాత ఎర్రజెండా తీసుకెళ్లి పొద మధ్యలో పాతాను. గోడ అడ్డం కాబట్టి లైన్ మీదకి కనబడదు. గ్యాంగ్ పొదలు కొట్టుకుంటూ వచ్చి ఠక్కున ఆగిపోయింది! ఎనిమిది మంది, చేతుల్లో కత్తులతో. ఎన్నేళ్ల అలవాటో. ఎవులు ఎట్టినారో తెలీకుండా తియ్యకూడదు దాదా అని గ్యాంగ్‌లోని నూకరాజు మామ నాన్నతో అనడం కిటికీలోంచి విన్నాను. పొదని వదిలేసి ముందుకెళ్లిపోయారు. నోరు నొక్కుకుని నవ్వాను.

అదే రోజు, సాయంత్రం
తన జెండాని నాన్న పోల్చుకోడా? దాని మూల కుట్టు అమ్మదే. భోజనం అయ్యాక చెయ్యి కడుక్కుంటూ అమ్మతో అన్నాడు, నాతో కాదు. జెండా ఎట్టినోలే తియ్యాల, పనయినాకే తియ్యాల, అది రూలు అని.
ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

అక్టోబర్ 21
పురుగులన్నీ ప్యూపాలయ్యాయి, గూళ్లు కట్టుకుని పడుకున్నాయి. నిద్ర పట్టడం లేదు నాకు.

నవంబర్ 2
పదకొండూ ఎగిరాయి! నాన్నని యూనిఫాం మీదే లాక్కెళ్లి చూపించాను. బాగున్నాయే అన్నాడు, డ్యూటీకి లేటయ్యాడు. జెండా రేపు తీసేస్తాను.

నవంబర్ 3
తీద్దామని వెళ్లాను. జెండా గుడ్డ మీదే ఓ మాత్ గుడ్లు పెట్టింది.
పని ఇంకా అవలేదు.