పైఅంతస్తు చువ్వలు

అక్కా,

నీవు పోయి నేటికి ఏడాది. ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా నా ఆక్సిజన్ మిషన్ ఆగిపోతున్నది. ముడిమ్యాలలోని మన ఇంటిపై బ్యాటరీతో సహా సోలార్ పలకలు పెట్టించకపోతే తమ్ముడి ఇంటికి వెళ్లక తప్పదు. ఒకరి పంచన బతకడం నాకు చేతకాదు.

బిగించడానికి వచ్చిన మేస్త్రి, నీవు పైఅంతస్తు కట్టుకుంటావని స్లాబుపై వదిలిన పిల్లర్ల చువ్వలు చూశాడు.

“వీటి నీడ పలకల మీద పడ్తది అవ్వా, కోసెయ్యాలె. ఇంక పైన ఎవరు కడ్తరు?”

“మా అక్క కడ్తది.”

“అయితే అక్కనే పిలువుండ్రి, అడుగుదం” అని నవ్వాడు.

అతను పైన ఎదురుచూస్తున్నాడు. కోయమనడానికి నోరు రావడం లేదు; వద్దంటే ఊపిరి నిలవదు. ఏ నిర్ణయానికీ ఎవరినీ అడగనిదాన్ని, ఇవాళ అడుగుతున్నాను. కోయించనా, అక్కా?

నీ చెల్లెలు