వేప కొమ్మకు అటుపక్క

సోమవారం, రాత్రి

మొక్కజొన్న చేనులో తూర్పు అరెకరానికి ఈసారి యూరియా సగమే వేసి, సముద్రపు నాచుతో చేసిన మందు ఆకుల మీద కొట్టాను. హద్దు తెలియాలని వేప కొమ్మ ఒకటి పాతాను. ఇరవై రోజులైంది. పొద్దున పోయి చూస్తే కొమ్మకు అటుపక్క, మందు కొట్టిన చేనే ఎక్కువ పచ్చగా ఉంది. నా సంతోషం ఇంతా అంతా కాదు. పక్కచేను రంగయ్య మామ కూడా గట్టు మీద నిలబడి చూశాడు.

"ఏం కొట్టినావు అల్లుడా? నేనూ అదే తెచ్చుకుంటా. యూరియా సగానికి తగ్గిస్తా" అన్నాడు. మందు పేరు రాసిచ్చాను.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఈ సంగతి నాయనకు చెప్పాను. ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"సగమేంది? కొమ్మ పాతింది చూసి, చల్లేది ఆడికి ఆపినావనుకున్నా. నువ్వు మార్కాపురం పోయిన రోజు మిగిలిందంతా నేనే చల్లినా గదా!"

తప్పు నాదే. యూరియా చల్లుతూ ఎక్కడ ఆపితే అక్కడ కొమ్మ పాతాలని నాకు చిన్నప్పుడు నేర్పింది ఆయనే. ఆ నొప్పుల మోకాళ్లతో ఎండలో బకెట్ మోసిన మనిషిని ఏమని కోప్పడను?

మందు పనిచేస్తుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. రంగయ్య మామ సాయంత్రానికే డబ్బా తెచ్చుకున్నాడట. పొద్దున్నే పోయి నిజం చెప్పాలి. ఊరంతా నవ్వుతుంది...

"చెప్పకుంటే ఏమైతాది లే" అన్నాడు నాయన, పడుకోబోతూ.

ఏమవుతుందంటే, రంగయ్య మామ చేనులో మిగిలింది చల్లడానికి మా నాయన ఉండడు.