పాప మెదడుల వాన

జూలై 9, 2024
పాప నెలలు నిండకముందే పుట్టింది. సాగర్ రోడ్డు మీది దవాఖానల, గాజుపెట్టెల పండుకోబెట్టిన్రు. నన్ను ఇంకా ముట్టనియ్యలే.

జూలై 12, పొద్దుగాల
ఫిట్స్ వచ్చినయట. మందుతోటి ఆగినయి. మెదడు ఎట్ల ఎదుగుతదో ఇప్పుడే చెప్పలేనన్నది డాక్టరమ్మ. తలకు వైర్లు పెట్టి, మెదడుల కరెంటు చూసే ఈఈజీ తీసిన్రు. స్క్రీన్ మీద గీతలు జోరువాన లెక్క కొట్టి, ఒక్కసారి ఆగిపోతున్నయి. మల్ల కొడుతున్నయి. ఇంత చిన్న పాపకు ఇట్లనే ఉంటదట. ఎదిగినకొద్ది ఆ ఖాళీలు తగ్గాలట.

ఖాళీ వచ్చినప్పుడల్ల సెకండ్లు లెక్కపెట్టిన.

జూలై 13
పేరు ఇంటికి పోయినంక పెడదామన్నడు నా మొగడు వికాస్. పాప ఇల్లు చేరుతదో లేదోనని ఆయన భయం, నాకు తెలుసు.

జూలై 20, మధ్యాహ్నం
మా అత్త మాణిక్యమ్మ అద్దం బయట నిలబడి అడిగింది. "మనం ఉన్నట్టు దానికి తెలుస్తదా, ఉజ్వలా?"

ఇబ్రహీంపట్నం కాలేజీ ల్యాబుల నేను చేసేది గిదే పని. కంప్యూటర్ల మెదడు కణాల అసుంటి న్యూరాన్లు తయారుచేస్త. చాలినంత కరెంటు చేరంగనే ఒక్కోటి స్పైక్ అనే చిన్న కరెంటు దెబ్బ కొట్టి ఊకుంటది. ఒకదాని ఎనుకనే ఇంకోటి మల్ల మల్ల కొడితే రెంటి నడుమ తొవ్వ గట్టిపడుతది. నేర్చుకునుడంటే గంతే. మరి తెలుసుడు? అది ఏడ మొదలైతదో నా థీసిస్ల లేదు.

నాకు తెల్వదత్తా అన్న. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

జూలై 21
నర్సు లీదియక్క ముట్టనిచ్చింది. "నేనొచ్చిన బిడ్డా" అన్న. అప్పుడు తల మీద చెయ్యి పెట్టిన. మాట ముందు, చెయ్యి ఎనుక. రోజు గట్లనే చేస్త.

ఆగస్టు 2
మల్ల ఫిట్స్. రాయబుద్ధి అయితలేదు.

ఆగస్టు 18, సాయంత్రం
ఇయ్యాల మాట అన్న గని చెయ్యి పెట్టలే. గాలిలనే ఆపిన. కొట్టుకుంటున్న కాళ్ళు ఆగినయి. మానిటర్ మీద గుండె నెమ్మదించింది. పాప నా చెయ్యి కోసం ఎదురుచూస్తున్నది. లీదియక్క గూడ అవ్ అన్నది. అప్పుడు చెయ్యి పెట్టి మస్తు ఏడ్సిన.

బస్సుల ఇంకో ఆలోచన వచ్చింది. నా కంప్యూటర్ గూడ ఇట్లనే తర్వాత వచ్చేది ముందే పసిగడతది. అండ్ల తెలుసుకునేటోళ్ళు ఎవ్వరు లేరు. మరి పాప లోపల? నా స్టాపు దాటిపోయిన సంగతే సోయి లేదు. చెరువు కాడ దిగిన. నీళ్ళ మీద చినుకులు ఎవ్వరు చెప్పకున్నా ఒక్క తాళంల పడుతున్నట్టు అనిపించి, తడుసుకుంట నిలబడ్డ.

సెప్టెంబర్ 10
ఈఈజీల ఖాళీలు మస్తు తగ్గినయి. ముందు ముందు ఎట్లుంటదో ఇంకా చూడాలన్నది డాక్టరమ్మ, అయినా ఇంటికి తీస్కపొమ్మన్నది. కార్ల వికాస్ వంగి, మొదటిసారి పేరు పెట్టి, మౌనికా అని పిలిచిండు. పాప తిరిగి చూడలే. ఆయన మల్ల పిలిచిండు. ఇల్లు వచ్చేదాక పిలుస్తనే ఉన్నడు.

సెప్టెంబర్ 14
నిద్రల కనుబొమ్మలు ముడుసుకున్నయి, ఇడిపోయినయి. మౌనిక కల కంటున్నది.

అండ్ల నేను ఉన్ననో లేనో.