అడగకుండా తెరిచిన పేజీ

అయ్యా,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ కొత్త కుట్టుమిషనుకు లోన్ అడిగితే, మీరిచ్చిన క్రెడిట్ రిపోర్టు చూసి బ్యాంకువాళ్లు కుదరదన్నారు. నేను మోటారు సైకిలుకు అప్పు అడిగానని, ఒక్క వారంలో నాలుగు కంపెనీలు నా వివరాలు తీసి చూశాయట, ఆ నాలుగూ రిపోర్టులో ఎక్కి నా స్కోరు పడిపోయిందట. నాకు మామూలు సైకిలే రాదు. నేర్పబోయి మా బావ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, అది వేరే కథ.

నేను దర్జీని. వీధి మొత్తం కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. మనిషి చెప్పందే అతని పేజీ తీయను. నా పేజీ తీయమని నేనెవరికీ చెప్పలేదు. చెప్పానంటే నా సంతకం చూపించండి. ఎలాగూ ఉండదు కనుక రిపోర్టులోంచి ఆ నాలుగు ఎంట్రీలూ కొట్టేసి బ్యాంకుకు తెలియజేయండి.

తా.క. కవరు అంటించబోతుంటే పక్కింటాయన వచ్చాడు.

"బాబాయ్, మా బావమరిది నడుము కొలతెంతో కాస్త చూసి చెప్పు."

అతన్నే రమ్మన్నాను.